యుద్ధకాలపు పోరాట కత్తుల సేకరణ: అలుగు, పిడి, ఒర ఒకే మాట చెబుతున్నాయా?

మీరు రాసిన దానిలో మూడు సందేహాలు ఉన్నాయి. "రెండో ప్రపంచ యుద్ధంనాటి కమాండో బాకు, మొదటి నమూనా, అసలు ఒరతో సహా" అంటూ ఒక విక్రేత చూపించిన కత్తి నిజమైనదేనా అన్నది మొదటి సందేహం. కొన్న తరువాత దాని నల్లదనాన్ని వదిలించి మెరుగు పెట్టించవచ్చా అన్నది రెండోది. ఇక్కడి నుంచి సేకరణను ఏ దారిన పెంచుకోవాలన్నది మూడోది. మొదటి సందేహానికి సమాధానం మీ వర్ణనలోనే దొరుకుతోంది. గార్డు, అంటే అలుగుకూ పిడికీ మధ్య చేతిని కాచే అడ్డుపలక, ఎస్ అక్షరంలా వంపు తిరిగి ఉందనీ, పిడి చుట్టూ ఉంగరాల వంటి గాడులు ఉన్నాయనీ, గార్డు మీద "ఇంగ్లండ్" అని ముద్ర ఉందనీ మీరు రాశారు. ఈ మూడూ యుద్ధకాలపు కత్తి ఒక్కదానిలో కలిసి కనిపించవలసిన లక్షణాలు కావు. కాబట్టి మొదటి నమూనాకు చెల్లించవలసిన ధర పెట్టి దానిని కొనవద్దు.

ఎందుకు ఇంత గట్టిగా చెబుతున్నానో అర్థం కావాలంటే ఆ కత్తి పుట్టుక తెలియాలి. షాంఘై మునిసిపల్ పోలీసులో దీర్ఘకాలం పనిచేసిన విలియం ఫెయిర్‌బెర్న్, ఎరిక్ సైక్స్ అనే ఇద్దరు 1940లో బ్రిటన్‌కు తిరిగి వచ్చి, కొత్తగా ఏర్పడిన కమాండో దళాలకు దగ్గరి పోరాటంలో శిక్షణ ఇస్తూ, తమ అనుభవానికి తగిన బాకును తయారు చేయించడానికి విల్కిన్సన్ స్వోర్డ్ సంస్థతో కలిసి పనిచేశారు. 1941 ఆరంభంలో చేతికి వచ్చిన ఆ తొలి కత్తులనే ఇప్పుడు సేకరణకర్తలు మొదటి నమూనా అంటున్నారు. వీటి గార్డు ఎస్ ఆకారంలో ఉంటుంది. అలుగు గార్డును కలిసే చోట పదును పెట్టకుండా చదునుగా వదిలేసిన చిన్న దీర్ఘచతురస్రం ఉంటుంది; దానిని రికాసో అంటారు. దాని ఒక వైపున సంస్థ పేరు, మరొక వైపున కత్తి పేరు ఆమ్లంతో చెక్కి ఉంటాయి. పిడి ఇత్తడిని తరిణె పట్టి చేసినది. దాని మీద వజ్రాకారపు గళ్ల గరుకు ఉంటుంది, పైన నికెల్ పూత ఉంటుంది. ఈ అమరిక చూడడానికి చక్కగా ఉన్నా, వేల సంఖ్యలో తయారు చేయడానికి అనువైనది కాదు. అందువల్ల 1942లో గార్డును తిన్నటి అండాకారపు పలకగా మార్చారు, రికాసోను తీసేశారు, గళ్ల పిడిని మాత్రం ఉంచారు. ఇది రెండో నమూనా. 1943 చివరికి ఇత్తడిని పొదుపు చేయవలసి రావడంతో పిడిని మిశ్రలోహంతో అచ్చు పోయడం మొదలుపెట్టారు. అచ్చులో వజ్రాకారపు గళ్లు సరిగా రావు కనుక ఉంగరాల గాడులు వచ్చాయి. అదే మూడో నమూనా. దానికి నల్లటి పూత వేశారు, చాలావాటి మీద తయారీదారు పేరు కూడా ఉండదు.

అంటే మీకు చూపించిన కత్తిలో గార్డు 1941ది అంటోంది, పిడి 1943 తరువాతిది అంటోంది. ఇక "ఇంగ్లండ్" అన్న ముద్ర సంగతి. 1890నాటి మెకిన్లీ సుంకాల చట్టం ప్రకారం అమెరికాలోకి దిగుమతి అయ్యే సరుకు మీద అది తయారైన దేశం పేరు ఉండాలి. సైన్యానికి సరఫరా చేసే కత్తి మీద దేశం పేరు వేయవలసిన అవసరం తయారీదారుకు లేదు; దుకాణానికి ఎగుమతి చేసే కత్తి మీద ఉంది. మూడో నమూనా యుద్ధం ముగిసిన తరువాత కూడా ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో దశాబ్దాలపాటు తయారైంది, సైనికులకూ పర్యాటకులకూ సేకరణకర్తలకూ అమ్ముడైంది. గార్డు మీద దేశం పేరు కనిపిస్తే అది యుద్ధానంతరపు కత్తి అని ముందుగా అనుకొని, కాదని నిరూపించే భారాన్ని విక్రేత మీద పెట్టడమే నేను పాటించే పద్ధతి. దానికి భిన్నంగా, విశాలబాణం అని పిలిచే మూడు గీతల బాణపు గుర్తు బ్రిటిష్ ప్రభుత్వ ఆస్తికి చిహ్నం. దాని పక్కన ఇంగ్లిషు ఐ అక్షరం ఉంటే అది భారత ప్రభుత్వ ఆస్తి అని అర్థం. ఈ గుర్తును కూడా ఒక చిన్న ఉలితో ఎవరైనా కొట్టగలరని మాత్రం మరవకూడదు. నకిలీలు చేసేవారికి అన్నిటికంటే ఇష్టమైన ముద్ర అదే.

ఈ సేకరణలో నేను నేర్చుకున్నదంతా ఒక్క ప్రశ్నలోకి కుదుర్చుకోవచ్చు. అలుగు, గార్డు, పిడి, పిడి చివరి బిరడ, ఒర, ఒరను బెల్టుకు తగిలించే తోలు పట్టీ, ఇవన్నీ ఒకే వయసునూ ఒకే జీవితాన్నీ చెబుతున్నాయా? ముద్రలను గుర్తుపట్టడం పుస్తకంతో వస్తుంది, అరుగుదలను చదవడం చేతితో వస్తుంది. నకిలీ చేసేవాడు కూడా అదే పుస్తకం చదువుతాడు కనుక ముద్రల దగ్గర మనతో సమానంగా ఉంటాడు; అరుగుదల దగ్గరే దొరికిపోతాడు. నిజంగా ఒక మనిషి నడుముకు వేలాడిన కత్తికి ఒర నోరు తగిలే చోట అలుగు మీద పూత అరుగుతుంది. పిడికిలి తిరిగే చోట పిడి గరుకు మొద్దుబారుతుంది, వేళ్లు తగలని లోతుల్లో మాత్రం పదునుగా మిగులుతుంది. గార్డు కొసల మీద బట్టకు రాసుకొన్న నునుపు ఉంటుంది. కృత్రిమంగా ముసలితనం తెచ్చిన కత్తిలో అరుగుదల అన్నిచోట్లా ఒకేలా ఉంటుంది. ఆమ్లంలో ముంచిన అలుగు మీద గుంటలు సమంగా చల్లినట్టు కనిపిస్తాయి, పైగా ఆ గుంటలు గార్డు కిందికి, ఒర ఎప్పుడూ కప్పి ఉంచే భాగానికి కూడా పాకి ఉంటాయి.

పదింతలు పెద్దది చేసి చూపే భూతద్దం ఒకటి కొనుక్కోండి. మీరు కొనబోయే అన్ని కత్తులకంటే అది ఎక్కువ డబ్బు మిగులుస్తుంది. ఉక్కు మీద సుత్తితో గానీ ప్రెస్సుతో గానీ కొట్టిన అక్షరం చుట్టూ లోహం కొద్దిగా పైకి పొంగుతుంది. తరువాత సానపట్టి ఉంటే ఆ పొంగు పోవచ్చు గానీ అక్షరం అడుగు చదునుగా, అంచులు తెగినట్టుగా ఉంటాయి. అసలు కత్తిని అచ్చు తీసి పోతపోసిన నకలులో అక్షరాలు మెత్తగా, అడుగున ఇసుక రేణువుల వంటి గరుకుతో కనిపిస్తాయి. ఆమ్లంతో చెక్కిన గుర్తు వేరు, లేజరుతో కాల్చిన గుర్తు వేరు. లేజరు గీతలో దగ్గరదగ్గరగా సమాంతరపు చారలు కనిపిస్తాయి. మరొక విషయం: ముద్ర లోపలి పూత, ముద్ర బయటి పూత ఒకే రంగులో ఒకే వయసులో ఉండాలి. పాత నల్లపూత మధ్యలో తళతళలాడే అక్షరాలు ఉంటే ఆ అక్షరాలు కత్తికంటే చిన్నవి.

అయస్కాంతం కూడా దగ్గర పెట్టుకోండి. నికెల్ పూత వల్లా లోపలి ఉక్కు వల్లా ఇత్తడి పిడి అయస్కాంతాన్ని కొద్దిగా లాగవచ్చు గానీ, ఇత్తడి అని చెప్పిన పిడికి అది గట్టిగా అంటుకుంటే అనుమానించాలి. అతినీలలోహిత దీపం ఒర మీద వేసి చూస్తే కుట్టుదారం నీలితెలుపు కాంతితో వెలిగిపోవచ్చు. బట్టలనూ దారాలనూ మరింత తెల్లగా చూపే రసాయనాలు విస్తృతంగా వాడకంలోకి వచ్చింది యుద్ధం తరువాతే కనుక అటువంటి దారం అనుమానించదగినది. అయితే పాత ఒరను తరువాతి కాలంలో ఎవరో కొత్త డిటర్జెంటుతో తుడిచి ఉన్నా అదే వెలుగు రావచ్చు. అందువల్ల ఈ పరీక్ష ఒక్కదాన్నే నమ్మి తీర్పు చెప్పకూడదు.

ఇదంతా నేను మొదటినుంచీ తెలిసి చేసిన పని అని అనుకోకండి. సేకరణ మొదలుపెట్టిన మూడో ఏడాదిలో ఒక ప్రదర్శనలో వీ-42 అని చెప్పి అమ్మిన కత్తిని నేను చాలా డబ్బు పెట్టి కొన్నాను. వీ-42 అంటే ఏమిటో తెలిస్తే నా ఆత్రం అర్థమవుతుంది. అమెరికా, కెనడా సైనికులతో 1942లో ఏర్పడిన ఫస్ట్ స్పెషల్ సర్వీస్ ఫోర్స్ కోసం కేస్ సంస్థ తయారు చేసిన సన్నటి బాకు అది. తయారైనవి సుమారు 3,400 మాత్రమే. అలుగు మొదట్లో బొటనవేలు ఆన్చుకోవడానికి సన్నగీతల గుంట ఒకటి ఉంటుంది, పిడి చివర కోసుగా ఉన్న ఉక్కు మొన ఉంటుంది. నేను కొన్నదానిలో ఇవన్నీ ఉన్నాయి, "కేస్" అన్న ముద్ర కూడా ఉంది. ఆరు నెలల తరువాత ఒక పెద్దాయన తన దగ్గరున్న అసలు కత్తిని పక్కన పెట్టి, ముద్ర గురించి ఏమీ అనకుండా, పిడిని మాత్రం గోటితో తట్టి చూపించారు. ఆ పిడి తోలు వాషర్లను ఒకదాని మీద ఒకటి పేర్చి బిగించినది. తోలు దశాబ్దాల మీద ఎండి కుంచించుకుపోతుంది, అందువల్ల ఆయన కత్తిలో వాషర్ల మధ్య వెంట్రుకవాసి సందులు ఉన్నాయి, తోలు మట్టం గార్డు అంచుకంటే కొద్దిగా కిందికి దిగింది. నా కత్తిలో తోలు గార్డుతో సమానంగా, నిన్ననే బిగించినట్టుగా ఉంది. పైన మాత్రం నల్లటి రంగు పులిమి ఉంది. అలుగు ఎనభై ఏళ్లు బతికినట్టు నటిస్తూంటే పిడి పదేళ్లు కూడా దాటలేదు. అమ్మిన మనిషి తరువాత ఏ ప్రదర్శనలోనూ నాకు కనిపించలేదు. ఆ కత్తిని నేను పారేయలేదు. కొత్తవారికి చూపించడానికి ఇప్పటికీ బల్ల మీదే ఉంటుంది.

అందుకే మీ మూడో సందేహానికి నా సమాధానం కొంత నిరుత్సాహంగా అనిపించవచ్చు. అరుదైనదానితో మొదలుపెట్టవద్దు. సంఖ్యలో ఎక్కువగా తయారై, ఇప్పటికీ తేలికగా దొరికే ఒక్క రకాన్ని ఎంచుకొని, దానిలోని తేడాలన్నీ చేతికి తెలిసేవరకు మరొక రకం జోలికి పోవద్దు. ఇందుకు నా దృష్టిలో అమెరికా సైన్యపు ఎం3 కందకపు కత్తిని మించినది లేదు. 1943లో ప్రవేశపెట్టి 1944 వరకు మాత్రమే తయారు చేసినా, మొత్తం 25 లక్షలకు పైగా తయారయ్యాయి. కమిలస్, యూటికా, ఇంపీరియల్, కేస్, పాల్, కిన్‌ఫోక్స్, రాబ్సన్, ఏరియల్, బోకర్ అనే తొమ్మిది సంస్థలు వాటిని తయారు చేశాయి. మొదట్లో తయారీదారు పేరును అలుగు మీదే కొట్టేవారు, కొన్నిటి మీద 1943 అన్న సంవత్సరం కూడా ఉంటుంది. తరువాత ఆ ముద్రలను గార్డు మీదికి మార్చారు. అలుగు మీద ముద్ర కొట్టే చోట ఉక్కు బలహీనపడుతుందన్న అనుమానం అందుకు కారణంగా చెబుతారు. మండుతున్న బాంబు గుర్తు అమెరికా సైన్యపు ఆర్డినెన్స్ (ఆయుధాల) విభాగపు ఆమోదముద్ర. ఒర విషయంలోనూ ఇదే క్రమం ఉంది: మొదట ఎం6 అనే తోలు ఒర, దాని తరువాత ఎం8 అనే ప్లాస్టిక్ పోత ఒర, ఆపై బెల్టు రంధ్రాలకు తగిలించే తీగ కొక్కెంతో ఎం8ఏ1. ఈ చివరిది యుద్ధం తరువాత కూడా బయొనెట్ల (తుపాకీ కొసకు తగిలించే కత్తుల) కోసం దశాబ్దాలపాటు తయారైంది. అందువల్ల అలుగు మీద 1943 అని ఉన్న కత్తి సరికొత్త ఎం8ఏ1 ఒరలో కనిపిస్తే, కత్తి అబద్ధం కాకపోవచ్చు గానీ ఆ పెళ్లి మాత్రం తరువాత జరిగినదే. సేకరణకర్తలు ఇటువంటి జంటను నిజంగానే "పెళ్లి" అంటారు. విక్రేత ఆ సంగతి ముందే చెప్పి ధర తగ్గిస్తే అందులో తప్పేమీ లేదు. చెప్పకుండా జత ధర అడిగితే మాత్రం తప్పే.

ఎం3 చేతికి అలవాటైన తరువాత అమెరికా మెరైన్ దళానికీ నౌకాదళానికీ 1942 చివరినుంచి తయారైన మార్క్ 2 వైపు వెళ్లవచ్చు. జనం దానిని కా-బార్ అనే పిలుస్తారు గానీ యుద్ధకాలంలో ఆ పేరు న్యూయార్క్ రాష్ట్రం ఓలియన్‌లోని యూనియన్ కట్లరీ సంస్థ వాడిన వ్యాపార చిహ్నం మాత్రమే. ఆ సంస్థ తన పేరునే కా-బార్‌గా మార్చుకున్నది 1952లో. అదే కత్తిని కమిలస్, పాల్, రాబ్సన్ సంస్థలు కూడా తయారు చేశాయి, అందులో కమిలస్ వాటా చాలా పెద్దది. ఏడంగుళాల అలుగు, తోలు వాషర్ల పిడి, చివర ఉక్కు పలక, ఇవన్నీ పైకి ఒకేలా కనిపిస్తాయి. కానీ పిడి చివర పలకను ఎలా బిగించారన్నది చూడండి. టాంగ్ (పిడి లోపలికి సాగే అలుగు తోక) కొసను పలక బయట సుత్తితో అణచి బిగించినవి ఉన్నాయి, పలక పక్కనుంచి చిన్న మేకు దించినవి ఉన్నాయి. ఈ తేడా తయారీదారునూ కాలాన్నీ చెబుతుంది. ఈ కత్తి నేటికీ కొత్తగా తయారవుతూనే ఉంది. కొత్తదానిని కొని, పాతబరచి, తాతగారి పెట్టెలో దొరికిందని చెప్పి అమ్మేవారు ఉన్నారని వేరే చెప్పనవసరం లేదు.

మొదటి ప్రపంచ యుద్ధం వైపు మీకు మొగ్గు ఉంటే అది మరింత విశాలమైన ప్రపంచం, మరింత జారుడు నేల కూడా. 1914లో ఏ సైన్యమూ కందకంలో వాడే కత్తితో యుద్ధానికి వెళ్లలేదు. పొడవైన బయొనెట్టు ఇరుకు కందకంలో తిప్పడానికి పనికిరాదని తెలిసిన తరువాత సైనికులూ దళాల కమ్మరులూ విరిగిన బయొనెట్లను కురచ చేసి పిడులు తొడిగారు. ముళ్లకంచె పాతే ఇనుప కడ్డీని వంచి పిడిగా చుట్టి, కొసను మొనగా సాగదీసిన ఫ్రెంచి ఆయుధానికి "ఫ్రెంచి మేకు" అనే పేరు వచ్చింది. తరువాత తియేర్ పట్టణపు కత్తుల పరిశ్రమ 1916 నమూనాను తయారు చేసింది. వాటిలో కొన్నిటి మీద "1870కి ప్రతీకారి" అన్న ఫ్రెంచి మాటలు కనిపిస్తాయి. ఫ్రాన్స్ ప్రష్యా చేతిలో ఓడిన సంవత్సరపు గాయం నలభైయేళ్ల తరువాత కూడా ఎంత పచ్చిగా ఉండేదో ఆ నాలుగు మాటలు చెబుతాయి. అమెరికా 1917లో మూడు పలకల సూదివంటి అలుగుతో, వేళ్ల మీద ముళ్ల కవచంతో ఒక కత్తిని తెచ్చింది. అది పొడవడానికి తప్ప కోయడానికి పనికిరాకపోవడంతో 1918లో ఇత్తడి పిడికిలి కవచమూ రెండంచుల అలుగూ ఉన్న మార్క్ 1 రూపొందింది. ఇత్తడి పిడి మీద "యు.ఎస్. 1918" అన్న అక్షరాలు, లాండర్స్, ఫ్రేరీ అండ్ క్లార్క్ సంస్థ పొడి అక్షరాలు పోతలోనే ఉంటాయి. ఫ్రాన్స్‌లో తయారైనవాటి అలుగు మీద పడుకున్న సింహం గుర్తూ "ఓ లియోన్" అన్న మాటా కనిపిస్తాయి. వీటిలో అత్యధికం ఆ యుద్ధం ముగిసేలోపు ముందువరసకు చేరనేలేదు. రెండో యుద్ధంలో రేంజర్లూ పారాట్రూపర్లూ వాడారు. కాబట్టి 1918 అని ఉన్న కత్తి 1944లో నార్మండీలో వాడారంటే వెంటనే నవ్వకండి. ఈ కత్తికి వచ్చినన్ని నకళ్లు మరే కందకపు కత్తికీ రాలేదని కూడా గుర్తు పెట్టుకోండి.

సైనికులు స్వయంగా చేసుకున్న కత్తుల గురించి ఒక్క మాట. పసిఫిక్ ద్వీపాలలో కూలిన విమానాల పారదర్శక ప్లాస్టిక్ ముక్కలను పేర్చి, మధ్యలో అల్యూమినియం పలకలు పెట్టి పిడులు చేసినవి చాలా అందంగా ఉంటాయి. వాటికి ముద్రలు లేవు, నమూనాలు లేవు, కాబట్టి నకిలీ అని నిరూపించడమూ కష్టమే, అసలు అని నిరూపించడమూ కష్టమే. నచ్చితే పనితనానికి తగిన ధర పెట్టి కొనండి, చెప్పిన చరిత్రకు మాత్రం ధర కట్టకండి.

చరిత్ర అనగానే గుర్తొచ్చింది. పిడి మీద చెక్కిన పేరు, సైనిక సంఖ్య ఉన్న కత్తులకు విలువ ఎక్కువ, అందుకే కొత్తగా పేర్లు చెక్కడమూ ఎక్కువే. అటువంటిది దొరికితే సైనికుడి రికార్డు కోసం ప్రయత్నించడం మంచిదే. అయితే 1973 జులై 12న సెయింట్ లూయిస్‌లోని అమెరికా సిబ్బంది రికార్డుల కేంద్రంలో జరిగిన అగ్నిప్రమాదంలో 1912 నుంచి 1960 మధ్య విడుదలైన ఆర్మీ సైనికుల పత్రాలలో దాదాపు 80 శాతం కాలిపోయాయి. కాబట్టి రికార్డు దొరకకపోవడం అబద్ధానికి రుజువు కాదు. ఆ అగ్నిప్రమాదాన్ని సాకుగా చూపి ప్రతి కథనూ నమ్మించాలని చూసే విక్రేతకూ అది రుజువు కాదు. మీకు నిజంగా ఒక సైనికుడి కుటుంబంనుంచే కత్తి వస్తే, ఆ రోజే వారు చెప్పినది చెప్పినట్టు తారీఖుతో రాయించుకొని సంతకం తీసుకోండి, ఆయన ఫొటోలు ఇస్తే నకళ్లు దాచండి. ముప్పై ఏళ్ల తరువాత కత్తికీ ఆ మనిషికీ మధ్య మిగిలే బంధం ఆ కాగితం ఒక్కటే. పిడి మీద వరుసగా గాట్లు ఉంటే అవి చంపిన శత్రువుల లెక్క అని చెప్పే కథను మాత్రం నేను ఇంతవరకు ఒక్కసారి కూడా నమ్మలేదు.

ఇప్పుడు మీ రెండో సందేహం, నాకు అన్నిటికంటే భయం కలిగించినది. మెరుగు పెట్టించవద్దు. కత్తి పాతది కాదని తేలినా సరే, చేతికి అలవాటు కావడానికైనా, పెట్టించవద్దు. నేను కొన్న రెండో ఎం3 మీద బూడిదరంగు గరుకుపూత ఉండేది. అది మురికి అనుకొని బఫింగ్ చక్రం మీద అరగంట పట్టాను. అద్దంలా మెరిసింది. ఆ గరుకుపూత పార్కరైజింగ్ అనే ఫాస్ఫేట్ పూత అనీ, కాంతిని ప్రతిఫలించకుండా ఉండడానికీ తుప్పును అడ్డుకోవడానికీ కర్మాగారంలోనే వేసినదనీ, ముద్రల అంచులను కూడా నేను సగం అరగదీశాననీ తరువాత తెలిసింది. తీసేసిన పూతను ఎవరూ తిరిగి తేలేరు. కొత్తపూత వేస్తే అది మరో అబద్ధం అవుతుంది.

ముందు నలుపును ఎరుపునుంచి విడదీసి చూడడం నేర్చుకోండి. ఉక్కు మీద గట్టిగా అంటుకొని ఉన్న నలుపు, గోధుమ నలుపు స్థిరపడినది, అది ఉండనివ్వాలి. వేలికి పొడిగా అంటే నారింజ ఎరుపు తుప్పు ఇంకా తింటున్నది, దానిని ఆపాలి. పలుచని యంత్రనూనె రెండు చుక్కలు వేసి ఒక రోజు నానబెట్టి, ఉక్కుకంటే మెత్తనైన రాగి ముక్క అంచుతో నెమ్మదిగా గీకితే తుప్పు లేస్తుంది, కింది పూత నిలుస్తుంది. ఉప్పుకాగితం, ఇసుకకాగితం, నిమ్మరసం, వెనిగర్, తుప్పు కరిగించే ద్రావణాలు, ఇవేవీ వద్దు. శుభ్రమైన తరువాత నూనె అంతా తుడిచేసి మైక్రోక్రిస్టలైన్ మైనాన్ని పలుచగా పూసి మెత్తటి గుడ్డతో రుద్దండి. 1950లలో బ్రిటిష్ మ్యూజియంలో రూపొందిన రెనైసాన్స్ వాక్స్ ఈ పనికి ఎక్కువమంది వాడేది. ఆ తరువాత కత్తిని ఉత్తి చేతులతో పట్టుకోవద్దు. వేలిముద్రలోని ఉప్పు వారంలోనే ఉక్కు మీద తన రేఖలను శాశ్వతంగా అచ్చు వేస్తుంది. నూలు చేతితొడుగులు జారతాయి కనుక నైట్రైల్ తొడుగులు మేలు.

కత్తిని ఒరలో పెట్టి దాచడం చాలామంది చేసే తప్పు, పైకి ఎంత సహజంగా కనిపించినా సరే. తోలును పదును చేయడానికి వాడిన టానిన్లు, ఇతర లవణాలు, తోలు పీల్చుకున్న గాలి తేమ కలిసి అలుగును లోపలే తింటాయి, మీరు బయటకు తీసి చూసేసరికి ఆలస్యమవుతుంది. రెండింటినీ పక్కపక్కనే, వేర్వేరుగా, ఆమ్లరహిత కాగితంలో ఉంచండి. గాలిలో తేమ 45 నుంచి 50 శాతం మధ్య ఉంటే ఉక్కుకూ తోలుకూ రెండింటికీ సరిపోతుంది. తోలు ఒర మీది ఇత్తడి రివెట్ల చుట్టూ పచ్చటి మైనంలా పేరుకునే చిలుము తోలులోని కొవ్వు రాగితో కలవడం వల్ల వచ్చేది. పంటిపుల్లతో గీకి తీసేస్తే చాలు. తోలుకు పశువుల కాళ్లనుంచి తీసిన నూనె రాయమని పాతవారు చెప్పేవారు, నేనూ రాశాను. అది తోలును నల్లబరచి, కుట్లను మెత్తబరచి, సంవత్సరాల తరువాత తెల్లటి పొరగా పైకి ఉబికింది. వేలికి ఎర్రటి పొడి అంటుతున్న తోలు మాత్రం జబ్బు పడినది, గాలిలోని గంధక వాయువులు దాని పీచును తినేశాయి. దానికి నూనె మందు కాదు. హైడ్రాక్సీప్రొపైల్ సెల్యులోజ్‌ను ఆల్కహాల్‌లో కరిగించి పూస్తే పొడి రాలడం ఆగుతుంది, పోయిన బలం తిరిగి రాదు.

మైనం కూడా కాపాడలేని కత్తి ఒకటి ఉంది. అమెరికా మెరైన్ రైడర్ల కోసం 1942లో కమిలస్ తయారు చేసిన సన్నబాకుకు జింకు మిశ్రలోహపు పిడి పోశారు. తయారైనవి 15,000 కూడా లేవు. ఆ లోహంలోని మలినాల వల్ల పిడి తనంతట తానే లోపలినుంచి ఉబ్బి, చిట్లి, ముక్కలుగా రాలిపోతుంది. దీనిని జింకు చీడ అంటారు. అలుగు కొత్తదిగా ఉండి పిడి పొడిపొడి అవుతున్న ఈ కత్తిని కొనేముందు పిడి మీద సాలెగూడు వంటి పగుళ్లు ఉన్నాయేమో భూతద్దంతో వెతకండి.

చట్టం గురించి కొద్దిగా. రెండంచుల కత్తి, పిడికిలి కవచమున్న కత్తి, దానంతటదే తెరుచుకునే కత్తి, ఇవి చాలా దేశాలలో వేర్వేరు నిబంధనల కిందికి వస్తాయి. ఉదాహరణకు బ్రిటన్‌లో 1988నాటి ఉత్తర్వు పిడికిలి కవచాలను నిషేధిస్తూ, నూరేళ్లు దాటిన పురాతన వస్తువులకు మినహాయింపు ఇస్తుంది. దాని ప్రకారం 1918నాటి అసలు మార్క్ 1 ఇప్పుడు పురాతన వస్తువు, 1940లనాటి ఇత్తడి పిడికిలి కత్తి కాదు, 1918 అని ముద్ర ఉన్న కొత్త నకలు అసలే కాదు. జర్మనీలో నాజీ చిహ్నాల బహిరంగ ప్రదర్శన నేరం. తపాలాలో కొనేముందు పంపే దేశపు నిబంధనలనూ అందుకునే దేశపు నిబంధనలనూ రెండింటినీ రాతపూర్వకంగా తెలుసుకోండి. సుంకాధికారులు స్వాధీనం చేసుకున్న కత్తి తిరిగి రావడం నేను చూడలేదు.

మళ్లీ మీ కత్తి దగ్గరికి వద్దాం. విక్రేతను నాలుగు ఫొటోలు అడగండి: పిడి చివరి బిరడ పైనుంచి, గార్డు అడుగు భాగం అలుగును కలిసే చోట, అలుగు మొదట్లో రెండు వైపులా దగ్గరగా, ఒర వెనుకభాగం కుట్లతో సహా. బిరడ మీద కొత్త స్క్రూడ్రైవరు గానీ పట్టకారు గానీ పట్టిన గీతలు ఉంటే దానిని విప్పి గార్డు మార్చారని దాదాపు ఖాయం. మూడో నమూనా కత్తికి వంపు గార్డు తొడగడానికి కావలసిన పని అంతే. కింది కత్తి యుద్ధానంతరపు షెఫీల్డ్ తయారీయే అయినా పనికిరానిదేమీ కాదు. ఆ ధరకు ఇస్తానంటే తీసుకోండి, విప్పి చూడండి, పిడి లోపల టాంగ్ ఎలా ఉందో, పోత ఎక్కడ అతికిందో చేత్తో తెలుసుకోండి. ఫొటోలు ఇవ్వడానికి విక్రేత సాకులు చెబితే డబ్బు జేబులోనే ఉంచుకోండి. ఫొటోలు వచ్చిన తరువాత ఇక్కడ పెడితే, బిరడనూ గార్డునూ చూసి నాకు తోచినది రాస్తాను.